గుమ్మడితీగ బార్డరు

ధర్మవరం స్టేషన్ బయట ఏ ఆటోవాడినైనా 'కంప్యూటర్ అమర్‌నాథ్' ఇల్లెక్కడని అడిగితే చెప్పేస్తాడు. ఉత్త అమర్‌నాథ్ అంటే మాత్రం తల గోక్కుంటాడు. నేతగాళ్ళ వీధుల్లో పేరుకు ముందు కంప్యూటర్ తగిలించుకున్న మనిషి అతనొక్కడే. ఆ పిలుపు చెవిన పడితే చాలు, నలభై దాటిన ఆ మనిషి భుజాలు కాస్త వెనక్కి పోయి, నడకలో ఎక్కడలేని పెద్దరికం వచ్చేది.

అతని పని చీరల డిజైన్లు గీయడం. పట్టుచీర బార్డరు మీదా కొంగు మీదా వచ్చే తీగలూ హంసలూ బుటాలూ ముందు కంప్యూటర్లో గడిగడిగా గీసుకోవాలి. ఆ గీతను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం పైన తిరుగుతూ, చిల్లు ఉన్నచోట పోగును లేపుతుంది. అలా చీర మీద బొమ్మ పడుతుంది. కొన్నాళ్ళకు అట్టలు నలిగిపోతాయి, చిరిగిపోతాయి. అప్పుడు నేసేవాళ్ళు అమర్‌నాథ్ దగ్గరికొచ్చి "మళ్ళా కొట్టియ్యప్పా" అంటారు. ఎవరి డిజైను వాళ్ళదే. ఒకరిది ఇంకొకరికి ఇచ్చాడన్న మాట అతని మీద ఎన్నడూ రాలేదు. ఆ ఒక్క విషయంలో మనిషి నిప్పు.

కింద గదిలో అతని తండ్రి గంగాధరప్ప ఇప్పటికీ గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేస్తాడు. కొడుకు పైగదిలో ఫ్యాను కింద, గిర్రున తిరిగే కుర్చీలో. చిన్నప్పుడు అమర్‌నాథ్ కూడా మగ్గం నేర్చుకున్నవాడే. కుర్చీ దొరికాక మళ్ళీ గుంతలోకి కాలు పెట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కంప్యూటర్ అమర్‌నాథ్‌కు కంప్యూటర్ రాదు. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ వచ్చు, అందులో చెయ్యి తిరిగినవాడే. అది దాటి ఒక్క అడుగు పక్కకు వేస్తే చీకటే. ప్రింటరు మొరాయించినా, ఫోను వేడెక్కినా జనం అతని దగ్గరికే పరిగెత్తేవాళ్ళు. అతను నొసలు ముడిచి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కంపెనీ ప్రాబ్లమప్పా" అనేవాడు. ఎవరైనా ఏదైనా వివరించబోతే "తెలుసులే" అని మధ్యలోనే కోసేసేవాడు. ఆ 'తెలుసులే' అతనికి ఊతపదం. తెలియదు అన్న మాట నోటికి అలవాటు లేదు పాపం, పెద్దరికం అడ్డమొచ్చేది.

మొన్న అక్టోబరులో, దసరా ఆయుధపూజకు కంప్యూటర్‌కు పెట్టిన కుంకుమబొట్టు ఇంకా చెరగకముందే, తెర మీద ఒక నోటీసు వచ్చింది. విండోస్ టెన్‌కు సపోర్టు అయిపోయిందట, ఈ కంప్యూటర్ కొత్తదానికి పనికిరాదట. అమర్‌నాథ్ దాన్ని మూసేశాడు. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూసేశాడు. మూడోసారి వచ్చేసరికి గుండెలో రాయి పడి, ఎవరికీ చెప్పకుండా హిందూపురం బస్సెక్కాడు. ధర్మవరంలో అడిగితే కంప్యూటర్ అమర్‌నాథ్‌కే తెలియలేదని ఊరంతా పాకిపోతుంది కదా.

హిందూపురంలో కంప్యూటర్లు అమ్మే అనిల్ కుమార్ మంచివాడు. కొత్తదాని ధర విని అమర్‌నాథ్ మొహం వాడిపోవడం చూసి, స్టూలు లాగి కూర్చోబెట్టి, టీ చెప్పించాడు.

"కొత్తది ఎందుకన్నా, దుడ్లు దండగ. దార్లు చానా ఉండాయి," అన్నాడు. "మెయిల్ ఐడీతో లోపలికి పోయి ఎన్‌రోల్ అయితే ఇంకొక ఏడాది సేఫ్టీ అప్‌డేట్లు ఊరికే వస్తాయి. లేదంటే నెట్టు పీకేసి ఉత్త డిజైన్ పనికే పెట్టుకో, నడుస్తాది. కొంచెం కొత్త మోడలు సెకండ్ హ్యాండ్‌ది బెంగళూరు నుంచి తెప్పించియ్యమన్నా తెప్పిస్తా. అదీ కాదంటే విండోస్ బదులు లైనక్స్ అని ఒకటుండాది, పైసా ఖర్చు లేదు, పాత కంప్యూటర్లలో బాగా పోతాది. అయితే నీ డిజైన్ సాఫ్ట్‌వేర్ దాంట్లో రాకపోవచ్చు, ముందు చూసుకోవాల. ఏది చేసినా మొదట లోపలున్నవన్నీ..."

"తెలుసులే అనిలూ," అన్నాడు అమర్‌నాథ్.

అనిల్ కుమార్ టీ గ్లాసు కింద పెట్టి, "తెలిసుంటే సరేన్నా," అని ఊరుకున్నాడు. ఆ మాట అలా సగంలో ఆగిపోయింది. ఎన్‌రోల్ అంటే ఏమిటో, ఏ మెయిల్ ఐడీయో అమర్‌నాథ్‌కు అర్థం కాలేదు. అడిగితే చిన్నతనం. ధర్మవరం చేరేసరికి అతని బుర్రలో మిగిలింది రెండు మాటలే. లైనక్స్, పైసా ఖర్చు లేదు.

మర్నాడు పొద్దున కింద గదిలో సరోజమ్మ వచ్చి కూర్చుంది. నేతగాళ్ళ ఇళ్ళలో సరోజమ్మ తెలియని ఇల్లు లేదు. ఇంట్లో సొంత మగ్గం ఉన్నా, ఊళ్ళో అందరి వార్పులూ, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతకడం ఆమె పని. మగ్గం మీద పాత వార్పు అయిపోవస్తుండగా పోగులను మొత్తం లాగేయరు. ఒక జానెడు కొస వదిలిపెడతారు. ఆ ఒక్కొక్క పాత పోగు కొసకు ఒక్కొక్క కొత్త పోగును కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతుకుతారు. అప్పుడు పాత పోగే కొత్తదాన్ని వెంటబెట్టుకుని మగ్గంలోకి పోతుంది. కొస వదలకుండా లాగేస్తే మగ్గం ఖాళీ అయి, మళ్ళీ మొదటినుంచీ ఒక్కొక్క పోగూ ఎక్కించుకుంటూ ఏడవాలి. నేత ఇంట్లో పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

కింద సరోజమ్మ బూడిద వేళ్ళతో పోగులు మెలిపెడుతుంటే, సరిగ్గా ఆమె తలమీది గదిలో అమర్‌నాథ్ ఫోనులో వీడియో చూస్తూ లైనక్స్ ఎక్కిస్తున్నాడు. వీడియోలో మనిషి హిందీలో వడివడిగా చెప్పుకుపోతున్నాడు. ఒకచోట తెర ఇంగ్లీషులో ఏదో అడిగింది. పాతదాన్ని ఉంచి పక్కన పెట్టమంటావా, అంతా తుడిచేసి పెట్టమంటావా అని. తుడిచేస్తే శుభ్రంగా ఉంటుంది కదా అనుకున్నాడు. నొక్కాడు.

తెర మీద పచ్చని పూలతోట బొమ్మతో కొత్త లైనక్స్ వచ్చింది. చాలా వేగంగా ఉంది. అమర్‌నాథ్ సంతోషంగా డిజైన్ల ఫోల్డరు కోసం వెతికాడు. లేదు. సాఫ్ట్‌వేర్ కోసం వెతికాడు. లేదు. తప్పు జరిగిందేమోనని మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాడు. డిస్కులో మిగిలిన ఆ కాస్త ఆనవాళ్ళ మీద కూడా ఇంకో పూత పడింది. ఊరందరి డిజైన్లూ, పదేళ్ళ పైమాట కష్టం, ఒక్క నొక్కుడుతో పోయాయి.  మంచినీళ్ళ కోసం మెట్లు దిగాడు.

"అమరా, నీ కోసమే చూస్తాండా," అంది సరోజమ్మ, చేతిలో పని ఆపకుండానే. "నా గుమ్మడితీగ అట్టలు ఎలుకలు కొరికి పెట్టినాయి నాయనా. పెండ్లిండ్ల సీజనుకు ఆ బార్డరే కావాలంటాండాడు చీరలు కొనే సేటు. మళ్ళా కొట్టియ్యి."

గుమ్మడితీగ బార్డరు ధర్మవరంలో సరోజమ్మ మగ్గం మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆమె భర్త అంజనప్ప పెరట్లో పాకిన గుమ్మడిపాదు చూసి గడుల కాగితం మీద పెన్సిలుతో గీసిన తీగ అది. ఆయన పోయాక ఆమె ఆ కాగితం తెచ్చి అమర్‌నాథ్ చేతిలో పెట్టింది. "కంప్యూటర్లో ఉంటే భద్రం అత్తా, ఈ కాయితం ఇంక ఎందుకు?" అన్నది అతనే. కాగితాన్ని ఏదో దసరా సర్దుళ్ళలో చెత్తతో పాటు పారేసిందీ అతనే. ఇక నేసిన చీరలంటారా, నేసేవాళ్ళ ఇంట్లో చీర నిలుస్తుందా? అన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి.

అమర్‌నాథ్ నోరు తెరిచాడు. పోగొట్టాను అన్న మాట గొంతుదాకా వచ్చింది. కానీ మగ్గం గుంతలోంచి తండ్రి చూస్తున్నాడు. బయటికొచ్చిన మాట వేరు.

"కంపెనీవాళ్ళు సపోర్టు ఆపేసినారు అత్తా. ఆపేస్తానే లోపలున్నవన్నీ పోయినాయి. మనం ఏమీ చేసేకి లేదు."

సరోజమ్మ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. "అన్నీనా?"

"అన్నీ."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బూడిద చేతులతో తుడుచుకోలేక మోచేతితో అద్దుకుంది. "నువ్వేం చేస్తావులే నాయనా," అంది. "అంత పెద్ద కంపెనీవాళ్ళతో మనకేమి. నీ కష్టమంతా పాయె గదరా!"

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తనకోసం బాధపడేసరికి అమర్‌నాథ్‌కు అక్కడే భూమిలో కూరుకుపోవాలనిపించింది. నీళ్ళు తాగకుండానే మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

సరోజమ్మ రోజుకొక ఇంట్లో వార్పు అతుకుతుంది. కూర్చున్న చోట చేతులకే పని గానీ నోటికి లేదు. వారం తిరిగేసరికి ఆ మాట నేతగాళ్ళ వీధులన్నీ చుట్టేసింది. సపోర్టు ఆగిపోతే కంప్యూటర్ లోపలున్నవన్నీ మాయమవుతాయట, పాపం అమర్‌నాథ్‌వి అన్నీ పోయాయట. జనం వచ్చి ఓదార్చారు. ఒకాయన అరటిపళ్ళు కూడా తెచ్చాడు, జ్వరమొచ్చినవాడిని చూడ్డానికి వచ్చినట్టు. కంపెనీవాళ్ళను నోరారా తిట్టారు. ఆ తిట్లన్నీ తనవేనని తెలిసిన మనిషి తల వంచుకుని అరటిపండు తిన్నాడు. 

అక్కడితో ఆగి ఉన్నా బాగుండేది. రెండో వీధిలో మంజులత అనే అమ్మాయి ఉంది. భర్త నేసిన చీరలకు ఫోటోలు తీసి, పాత కంప్యూటర్లో సర్ది, ఫోనుల్లో పంపి అమ్ముకుంటుంది. ఒకరోజు ఆమె నవ్వుతూనే వచ్చి చెప్పింది.

"అన్నా, నీకైనట్ల నాకూ అవుతాదేమోనని భయమేసి, నా దాంట్లో నోటీసు వచ్చినరోజే నా కంప్యూటర్ పాతసామాన్ల కుళ్ళాయప్పకు ఇచ్చేసినా. ఫోటోలు పాయె, పోనీ. కొత్తది కొనేదాకా అమ్మకాలు లేవు. నీ అంతటివానికే తప్పలేదంటే మేమెంత చెప్పు!"

ఆమె కంప్యూటర్ దివ్యంగా పనిచేస్తున్నదే. అనిల్ కుమార్ చెప్పిన ఆ ఉచిత ఏడాది దానికీ వచ్చేది.  తన డిజైన్లు పోగొట్టుకున్నది తెలివితక్కువతనం. ఇది మాత్రం తను చేతులారా ఒక ఇంటి జీవనం మీద కొట్టిన దెబ్బ. ఆ తేడా అమర్‌నాథ్‌కు బాగానే తెలిసింది. అప్పటికి కూడా నోరు పెగల్లేదు. "చూస్తాను మంజులా," అని మాత్రం అన్నాడు.

కుళ్ళాయప్ప దగ్గరికి పరిగెత్తాడు. ఆ కంప్యూటర్ అప్పటికే పెనుకొండ చేరింది. అక్కడ చర్చి పక్క గదిలో పిల్లలకు ట్యూషన్లు చెప్పే గ్రేస్ టీచరు పాత కంప్యూటర్లు కొనుక్కుపోతుందట. అమర్‌నాథ్ పెనుకొండ బస్సెక్కాడు.

గ్రేస్ టీచరు గదిలో గోడవారగా ఒక వరస పాత కంప్యూటర్లు ఉన్నాయి. అన్నింట్లోనూ అదే పచ్చని పూలతోట. పిల్లలు టకటకా టైపు కొట్టుకుంటున్నారు. మంజులత కంప్యూటర్ మూలన ఒక బల్ల మీద విడిగా ఉంది.

"దీంట్లో ఇంకా లైనక్స్ ఎక్కించలేదు సార్," అంది గ్రేస్. "తెరిచి చూస్తే ఎవరివో చీరల ఫోటోలు, వందలకొద్దీ ఉండాయి. తుడిపేయాలంటే చేతులు రాలేదు. వేరే డిస్కులోకి తీసి పెట్టినా, ఎవరన్నా వెతుక్కుంటూ వస్తారేమోనని. ఈ కంప్యూటర్‌కేమి సార్, బాగుండాది. ఒక ఏడాది అప్‌డేట్లు ఊరికే వస్తాయి. ఎవరు సార్ ఇది పనికిరాదని చెప్పింది ఆ అమ్మకు?"

"ఎవరో తెలియనివాళ్ళు చెప్పినారంట టీచర్," అన్నాడు అమర్‌నాథ్.

మళ్ళీ అబద్ధం. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర కూడా. ఊరూ పేరూ తెలియని ఒకరి ఫోటోలను ఆ టీచరు దాచిపెట్టింది. తను మాత్రం పేర్లు పెట్టి పిలిచే మనుషుల డిజైన్లను తుడిచేసుకుని, పైపెచ్చు వాళ్ళ జాలి తింటున్నాడు. కుళ్ళాయప్పకు ఆమె ఇచ్చిన డబ్బు ఆమెకు తిరిగిచ్చి, కంప్యూటర్ తీసుకుని, ఎలా ఎన్‌రోల్ చేయాలో చూపించమన్నాడు. ఆమె ఒక మెట్టు చెప్పగానే అలవాటు చొప్పున 'తెలుసులే' నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నాకు తెలియదు టీచర్, నిదానంగా చెప్పండి," అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆకాశమేమీ విరిగి పడలేదు. ఆమె నిదానంగా చెప్పింది, అంతే. ఇంత చిన్న మాట హిందూపురంలో ఎందుకు అనలేకపోయానా అని బస్సులో దారి పొడుగునా కుమిలిపోయాడు.

మంజులత ఇంటికి చేరేసరికి మగ్గం వెనక సరోజమ్మ వార్పు అతుకుతూ కూర్చుని ఉంది. కంప్యూటర్ చూసి మంజులత కళ్ళు పెద్దవయ్యాయి. ఫోటోలు తెరిచి చూపిస్తే చేతులెత్తి దండం పెట్టింది.

"దేవుడివన్నా నువ్వు! నీవన్నీ పోగొట్టుకొని కూడా, నా కోసం తిరిగినావు."

"చూసినావా, మా అమర బంగారం," అంది సరోజమ్మ.

ఇక తట్టుకోలేకపోయాడు. నేల మీద కూలబడి, తల ఎత్తకుండా చెప్పేశాడు. కంపెనీ ఏమీ తీసుకోలేదనీ, తనే తుడిచేశాననీ, సపోర్టు ఆగితే అన్నీ పోతాయన్న మాటే అబద్ధమనీ. హిందూపురంలో ఊరికే దారి చెబుతుంటే వినలేదనీ. కాగితం కూడా తనే పారేశాననీ. 

మంజులత దండం పెట్టిన చేతులు మెల్లగా దిగిపోయాయి.  అతుకుతున్న వార్పును మధ్యలో వదిలి లేవకూడదు, పోగులు కలిసిపోతాయి. సరోజమ్మ చివరి పోగు దాకా మెలిపెడుతూనే ఉంది. అమర్‌నాథ్ అక్కడే కూర్చున్నాడు. ఎవరూ వెళ్ళమనలేదు, ఉండమనలేదు. పని అయ్యాక చేతులు దులుపుకుని అప్పుడు చూసింది అతని వైపు.

"నా నోటితో అబద్ధం మోయించినావు గదరా," అంది. "ఎన్ని ఇండ్లలో చెప్పినానో. నా మాట అంటే నమ్మకం వాళ్ళకు. రేపటినుంచి నేను యాడికి పోతే ఆడికి నువ్వూ వస్తాండావు."

అలా ఆ నెలంతా ధర్మవరం వీధుల్లో ఒక వింత కనిపించింది. ముందు బూడిద డబ్బా పట్టుకుని సరోజమ్మ, వెనక కంప్యూటర్ అమర్‌నాథ్. ఆమె ప్రతి ఇంట్లో మగ్గం వెనక కూర్చుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, "చెప్పు," అనేది. అతను చెప్పేవాడు. కొందరు తిట్టారు. ఒకాయన అట్టలు మొహాన కొట్టినంత పనిచేశాడు. అరటిపళ్ళు తెచ్చినాయన మాత్రం పకపకా నవ్వాడు. తిట్లకంటే ఆ నవ్వే ఎక్కువ కోసింది. చెప్పడం అయ్యాక, ఎవరింట్లో కంప్యూటర్ ఉంటే వాళ్ళకు ఆ ఉచిత ఏడాది పెట్టించి, అంతకుముందే లోపలున్నవన్నీ వేరే డిస్కులోకి తీయించాడు. పాత అట్టలు అడుక్కుని, వాటి చిల్లులు చూస్తూ పోయిన డిజైన్లు మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు.

చివరగా సొంత ఇంటి వంతు వచ్చింది. గంగాధరప్ప అంతా విని, మగ్గం ఆపి, కొడుకును ఒక్కమాట అడిగాడు.

"నా కడుపున పుట్టి, కొస వదలకుండా ఎట్ల లాగినావురా?"

 

తుడిచేసిన తన కంప్యూటర్ డిస్కును అమర్‌నాథ్ హిందూపురం పట్టుకుపోయాడు. ఈసారి అనిల్ కుమార్ చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. కొన్ని డిజైన్లు ముక్కలు ముక్కలుగా బయటపడ్డాయి. గుమ్మడితీగ వాటిలో లేదు. సరోజమ్మ ఇంట్లో ఎలుకలు మిగిల్చిన అట్టల్లో తీగ మొదలూ ఒక ఆకూ దొరికాయి, అంతే.

మిగిలింది ఆమె జ్ఞాపకంలోంచి తీయాలి. అమర్‌నాథ్ గడుల కాగితం, పెన్సిలు పట్టుకుని సరోజమ్మ గడపలో కూర్చున్నాడు. ఆమె చెబుతుంటే గీశాడు, ఆమె కాదంటే చెరిపాడు. "పువ్వు ఇంకొంచెం వంగి ఉండాల," అనేది. "తీగ మెలిక అట్ల కాదు, ఎడమకు తిరిగి వస్తాది." కాసేపటికి, "కుడికా?" అని తనే ఆగిపోయేది. ఎన్ని చీరలు నేసిన చేతులు అవి! అయినా మెలిక ఎటు తిరిగేదో ఇప్పుడు ఖాయంగా చెప్పలేకపోయింది. ఆమె అలా ఆగిపోయినప్పుడల్లా అమర్‌నాథ్ పెన్సిలు పట్టుకుని, కళ్ళెత్తలేక, ఖాళీ గడుల వైపే చూస్తూ ఉండిపోయేవాడు.

చాలా రోజులకు బార్డరు పూర్తయింది. సరోజమ్మ కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని, వేలితో తీగ వెంట చివరిదాకా పోయింది.

"బాగుండాది," అంది. "సేటు ఒప్పుకుంటాడు. జనం కొంటారు."

అమర్‌నాథ్ ఊపిరి పీల్చుకున్నాడు.

"అయితే ఇది ఆయన తీగ కాదు," అంది.

కోపంగా అనలేదు. వాన వస్తాది అన్నట్టు మామూలుగా అంది. అమర్‌నాథ్ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకోబోయాడు. సరోజమ్మ చెయ్యి చాపింది.

"నువ్వు ఫోటో పెట్టుకో నాయనా. కాయితం మాత్రం నా దగ్గర ఉండనీ."

అతను రెండు చేతులతో ఆ కాగితం తీసి ఆమెకు ఇచ్చేశాడు.